మధ్యాహ్నం పూట ఊపిరి

ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు మెషిన్ దుకాణం, పదిన్నరకు డిపో డాక్టరు, పన్నెండుకల్లా మొగుడి చేతికి మళ్లీ బస్సు స్టీరింగ్.

నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని తేలినప్పటి నుంచి డ్రైవరుగారిని డిపోలో పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. ముక్కుకు మాస్కు తగిలించి గాలి పంపే మెషిన్ అద్దెకు తెచ్చుకోవాలి. ముప్ఫై రోజులు, రోజుకు నాలుగు గంటలకు తగ్గకుండా వాడినట్టు అందులోని కార్డు సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే ఇక జీవితాంతం ఎవరో మరిచిపోయిన గొడుగులకు కాపలా.

దుకాణంలో కళ్లద్దాలావిడ కార్డును కంప్యూటర్‌లో పెట్టి మురిసిపోయింది. "ఒక్క రోజు కూడా తప్పలేదు సార్! ఇంత బుద్ధిగా వాడినవాళ్లను నేను చూళ్లేదు."

డ్రైవరుగారి మొహం సున్నం కొట్టినట్టయింది. భార్యను మెట్ల మీదకు లాక్కొచ్చాడు.

"మూడో రోజు నుంచి నేనది పెట్టుకుని నిద్రపోనేలేదే."

"అదేంటండీ? రోజూ నా కళ్ల ముందే తగిలించుకుని పడుకుంటారుగా?"

"నువ్వు నిద్రపోగానే తీసేసేవాణ్ణి. రెండో రాత్రి పక్కింటి కండక్టరు కిటికీలోంచి చూశాడు. మర్నాడు డిపో అంతా ఏనుగూ ఏనుగూ అని పిలుపు. ఆ తొండం నాకొద్దు."

ఆమె గిరుక్కున లోపలికి వెళ్లింది. "ఏ టైములో వాడినట్టుంది?"

"మొదటి రెండు రాత్రులు తప్ప, రోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు వరకూ." తెర మీద అలలు మెల్లగా లేచి పడుతున్నాయి. "ఊరికే ఆన్ చేసి వదిలేస్తే ఇలా రాదు మేడం. ఇది మనిషి ఊపిరే."

ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. ఆ వేళకు తను బడి లైబ్రరీలో ఉంటుంది. మొగుడు డిపోలో. అత్తగారు వీధి చివర వాళ్ల అక్కగారింట్లో. ఇంటికి తాళం. పెరటి తలుపు తాళంచెవి పోయి నెల దాటింది.

"మెషిన్ పెట్టిన గది నాన్నది," అన్నాడతను గొంతు తగ్గించి. "ఆయన పోయాక కూడా అందులోంచి గురక వినిపించేది. నీకు చెప్పలేదు."

"నాకూ వినిపించింది. నేనూ చెప్పలేదు."

పక్కింటివాళ్లకేమైనా వినిపించిందేమోనని అతను కండక్టరుకు ఫోన్ చేశాడు. అదే పొరపాటైంది.

"నీకూ తెలిసిందా? మధ్యాహ్నాలు మీ గోడ బుస కొడుతోందిరా ఏనుగూ! మా ఆవిడ భయపడి మంచం అటు జరిపేసింది. నువ్వక్కడే ఉండు, నేను మనుషుల్ని తెస్తా."

డాక్టరు దగ్గరికి పోవడం మానేసి ఆ ఊపిరి వేళ దాకా ఆగారు. ఒకటిన్నరకు ఇంటి ముందు కండక్టరు, ఇద్దరు మెకానిక్కులు, ఒక ఇనుపరాడ్డు, వీళ్లంతా డ్యూటీ వదిలేసి ఎక్కడికి పోయారో చూద్దామని వెంటపడి వచ్చిన డిపో డాక్టరు పోగయ్యారు. తాళం వేసింది వేసినట్టే ఉంది. తలుపుకు చెవి ఆనిస్తే లోపల ఎవరో పీల్చి, వదిలి, మళ్లీ పీలుస్తున్నారు. తొందరేమీ లేనట్టు.

ఆమె తాళం తీసింది. కిటికీ తెరలన్నీ మూసి ఉన్నాయి. మామగారి మంచం మీద తెల్లటి దుప్పటి తల దాకా కప్పుకుని ఏదో పడుకుని ఉంది. దుప్పటి లేస్తోంది, పడుతోంది. దాని కింద నుంచి గొట్టం మెషిన్ దాకా పాకింది.

"నాన్నా..." అన్నాడు డ్రైవరుగారు.

దుప్పటి లేచి కూర్చుంది. మొహం ఉండాల్సిన చోట మాస్కు, గొట్టం. కండక్టరు రాడ్డు వదిలేసి, గుమ్మంలో చెప్పుల మీద పడి, అక్కణ్ణించి పాకుతూ వీధిలో తేలాడు.

మాస్కు తీసి అత్తగారు విసుక్కుంది. "ఇంటినిండా ఈ జనమేంట్రా?"

"అమ్మా! నువ్వా?"

"పెరటి తాళంచెవి నా దగ్గరే ఉంది. నువ్వు ముట్టుకోని మెషిన్‌కి అద్దె దండగ కదా అని ఓ రోజు పెట్టుకున్నా. ఎన్నేళ్లకో ఒళ్లెరగకుండా నిద్రపట్టింది."

"మరి మాకు చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"ఆడది గురక పెడుతుందని ఎవరితో చెప్పుకోనమ్మా? మీ మామగారు ఆ గురక తనదేనని ఊరంతా చెప్పుకుని పరువు కాపాడారు. పోయాక ఎవరి మీద పెట్టను?"

కొడుకు మాస్కు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "ఈ రాత్రి నుంచి పెట్టుకుంటానమ్మా. ఏనుగంటే అననీ."

"ఇక అనడులే," అంది భార్య వీధిలోకి చూస్తూ.

డాక్టరు కార్డు లాక్కుని ఇద్దరినీ చీవాట్లు పెట్టాడు. ముసలావిడకు పరీక్ష, వేరే మాస్కు రాశాడు. కొడుక్కి మళ్లీ ఒకటో రోజు నుంచి ముప్ఫై రోజులు.

"మరి ఈ ముప్ఫై రోజులూ దండగేనా సార్?" అన్నాడు డ్రైవరుగారు.

"దండగెందుకు? ఈ కార్డు ప్రకారం స్టీరింగ్ మీ అమ్మగారికివ్వాలి."

ఆవిడ కాసేపు ఆలోచించి, మధ్యాహ్నం డ్యూటీ అయితే మాత్రం తనకు కుదరదంది.