మీసాలున్న పక్షి

ఆ ఉదయం దర్జీ పెట్టుకున్న పని ఒక్కటే, కోటుకు గుండీలు కుట్టడం. సూదిలో దారం ఎక్కించేలోగా అపార్ట్‌మెంట్ సెక్రటరీ, కొమ్మల కత్తెర పట్టిన తోటమాలిని వెంటబెట్టుకుని దిగాడు.

"మీ బాల్కనీలో తీగ కొట్టేయాలి. దానికి పురుగులొస్తున్నాయని పైవాళ్ళ గోల."

దర్జీ సూది పక్కన పెట్టి లేచాడు. చిన్న కొమ్మ తెచ్చి నాటి, ఆ తీగను భార్య కన్నబిడ్డలా పెంచుకుంది. అది పోతే ఇంట్లో తనకు కాఫీ కూడా పుట్టదు. సరిగ్గా అప్పుడే బొటనవేలంత ప్రాణి ఒకటి రెక్కలు కనబడనంత వేగంగా ఆడిస్తూ, గాల్లోనే నిలబడి పువ్వులో తేనె పీల్చసాగింది.

"పురుగులెక్కడివండీ. అదిగో, పిట్ట," అన్నాడు నోటికొచ్చింది.

సెక్రటరీ కళ్ళు చేటలయ్యాయి. "హమ్మింగ్‌బర్డ్. మా క్యాలెండర్ మీద ఉంది. ఆ కత్తెర దించవయ్యా."

మధ్యాహ్నానికి గోరంత కొండంతయింది. పైవాళ్ళంతా దర్జీ గదిలోనే తిష్ఠ వేశారు. ఒకావిడ కోటు మీదే కూర్చుంది. సెక్రటరీ ఆ పిట్టతో ఫొటో దిగి, ఏనాడూ తన మాట ఒప్పుకోని వియ్యంకుడికి పంపాడు. జంతుశాస్త్రం చెప్పి రిటైరైన ఆ పెద్దమనిషి సాయంత్రానికల్లా భూతద్దంతో ప్రత్యక్షమయ్యాడు.

"బావగారూ, ఇది పిట్ట కాదు, చిమ్మట. సీతాకోకచిలుకకి చుట్టం. గాల్లో నిలబడి తేనె తాగడం రెండిటికీ ఒకటే, కాదనను. కానీ పిట్టకి ముక్కుంటుంది. దీనికున్నది చుట్టచుట్టుకునే నాలుక. కాళ్ళు ఆరు. పైగా మీసాలు."

గదిలో నవ్వులు. సెక్రటరీ ముఖం మాడిపోయింది. తీగ కొట్టేయమని తోటమాలికి చెయ్యెత్తి సైగ చేశాడు.

దర్జీ భార్య ముందుకొచ్చింది.

"కొట్టించండి అన్నయ్యగారూ. పురుగని మీరే ఒప్పుకున్నాక ఇంకేముంది. మీ బావగారి మాటే నెగ్గింది."

వియ్యంకుడు మీసం దువ్వుకున్నాడు. అది చూసి సెక్రటరీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎవరన్నారు పురుగని? అది పక్షే."

"మరి మీసాలో?" అన్నాడు వియ్యంకుడు.

"మగపక్షి."

తీగ బతికింది. ఆ పూట దర్జీకి రెండు కాఫీలొచ్చాయి. నెల తిరిగేసరికి ఆ చిమ్మట సంతానం, బొద్దుబొద్దు గొంగళిపురుగులు, సెక్రటరీ కుండీల్లో మొక్కల్ని మోళ్ళు చేసేశాయి. మందు కొట్టనా అని తోటమాలి అడిగాడు.

"పక్షిపిల్లల జోలికి పోకు," అన్నాడు సెక్రటరీ పళ్ళు బిగించి.