కింది కుడి మూల

జిల్లా వెబ్‌సైటులో జనన మరణ ధ్రువపత్రాల బాక్సుకు కింది కుడి మూలను ఐలయ్య పందొమ్మిదేళ్లుగా చేత్తో గుండ్రంగా వంచి పట్టుకుని ఉన్నాడు. బాక్సుల మూలలు పుట్టుకతోనే మొనదేలి ఉంటాయి. అవి జనం కళ్లలో గుచ్చుకుంటున్నాయని అప్పట్లో ఒక జీవో వచ్చింది. మూలకొకరు చొప్పున నలుగురిని వేశారు.

నలుగురికీ నాలుగు గదులు, ఒకదానిలో ఒకటి. అన్నిటికన్నా లోపల మొగిలి, అతని చుట్టూ ఓదెలు, ఓదెలు చుట్టూ సరోజన, అందరికన్నా బయట ఐలయ్య. జనం చదివే నాలుగు ముక్కలూ మొగిలి బల్ల మీదే ఉంటాయి. టీకి ఒక్కొక్కరే వెళ్లాలి. వెళ్లేవాళ్లు పక్క గది తలుపు కొట్టి "జర నాది గూడ పట్టు" అని చెప్పి మరీ వెళ్లాలి.

ఐలయ్యకు ఒక గుట్టు ఉంది. దసరా ముందు భుజం పట్టేసి, ఒక మధ్యాహ్నం మూల వదిలేశాడు. అది విచ్చుకోలేదు, జారలేదు. సంతోషించాల్సింది పోయి హడలిపోయాడు. తన మూలను ఇంకెవరో పట్టుకుంటున్నారు! సరోజనే అయ్యుంటుంది, తమ్ముడికి ఉద్యోగం కోసం ఆమె తిరగని ఆఫీసు లేదు. అప్పటినుంచి తలుపు చప్పుడైతే చాలు, చటుక్కున మూల మీద చెయ్యి వేసేవాడు. ఆమె కూడా అతని చేతివంకే అదోలా చూసేది. ఓదెలైతే టీకి వెళ్లడమే మానేశాడు.

ఎండాకాలంలో హైదరాబాదు నుంచి నౌషీన్ మేడం పేజీ తనిఖీకి వచ్చింది. ఐలయ్య గది గోడలు తట్టి చూసింది.

"ఈ గదిల ఏముంటది?"

"నేనుంట మేడం."

"మీరు గాక?"

ఐలయ్య చుట్టూ చూసి, "కుర్చీ" అన్నాడు. ఆమె రాసుకుంది.

తలుపులన్నీ తెరిపించి, అందరినీ ఒకేసారి చేతులు తియ్యమంది. ముందు పక్కవాళ్లు తీస్తే చూద్దామని నలుగురూ ఆగారు. చివరికి తీశారు. మూలలు నాలుగూ గుండ్రంగానే ఉన్నాయి.

"నిరుడు వానాకాలంలనే కోడుల ఒక్క లైను రాసినం. నాలుగు మూలలకు అదే చాలు" అంది మేడం. "ఇగ ఖాళీ గదులు దీసేస్తే పేజీ తేలికైతది."

సరోజన కళ్లొత్తుకుంది. "ఐలన్నా, బతుకమ్మప్పుడే ఇడిసిపెట్టిన. నువ్వే పట్టుకుంటున్నవనుకున్న." మొగిలి ఎప్పుడు వదిలాడో అతనికే గుర్తులేదు. ఓదెలు మాత్రం ఒక్కరోజు కూడా వదల్లేదు. ఎవరు లాక్కుంటారోనని బిగబట్టిన అతని వేళ్లు ఇప్పుడు విచ్చుకోవడం లేదు.

"ఆ లైనును ఎవలు పట్టుకుంటరు మేడం?" అని ఐలయ్య అడిగాడు.

"ఎవలూ పట్టుకోరు."

ఆ మాటను ఐలయ్య అస్సలు నమ్మలేదు.

బల్ల మీద రాత ఉంది కాబట్టి మొగిలి గది ఉంచారు. మిగతా మూడూ మధ్యాహ్నానికల్లా తీసేశారు. ఐలయ్య కుర్చీతో సహా ఎండలో తేలాడు. పక్కనే ఒకాయన ఫోన్లో బిడ్డ ధ్రువపత్రం తీసుకుంటున్నాడు. బాక్సు ఎప్పటిలాగే ఉందేమో, తల కూడా ఎత్తలేదు.

రెండింటికే ఇంటికి చేరేసరికి వాకిట్లో మేస్త్రీ కొత్త గోడ కడుతున్నాడు. భార్య కనకలక్ష్మి ఇటుకలు అందిస్తోంది. ఇంట్లో ఏ పనైనా ఐలయ్యను అడిగే చేస్తారు, అతను "సరే" అంటాడు. పని అయ్యాకే అడుగుతున్నారేమోనన్న అనుమానం అతనికి ఎప్పటినుంచో ఉంది.

"నన్నడగకుంటనే గోడ వెడుతున్నరా?"

"సరే అంటవని ఎరికే గదా" అంది కనకలక్ష్మి, కోపమేమీ లేకుండా. "ఏం జేసినా సరే అంటడని ఎన్నడో రాసి వెట్టుకున్నం."

ఐలయ్య గోడ మూల మీద చెయ్యి వేశాడు. మేస్త్రీ దాన్ని అప్పుడే గుండ్రంగా నున్నగా చేసి పెట్టాడు.

"పచ్చిగున్నది, చెయ్యి తియ్యే. దానంతటదే నిలవడ్తది" అన్నాడు మేస్త్రీ.

ఐలయ్య చెయ్యి తీశాడు. మూల అలాగే ఉంది. కుర్చీ దాని పక్కనే వేసుకుని, రేపటినుంచి ఎన్నింటికి కూర్చోవాలని భార్యను అడిగాడు.

"తొమ్మిదింటికి గూసో" అంది కనకలక్ష్మి. "టీకి వొయ్యేటప్పుడు మాత్రం జెప్పి పో."