మందు లేని సూది

మనిషి ఒంట్లో పుట్టే ప్రతి నొప్పీ, సంబంధిత విభాగం గుర్తించేంతవరకు, ఆ మనిషి సొంత అభిప్రాయం మాత్రమే. ఈ సంగతి లెక్కల టీచరుకు నలభై ఆరో ఏట తెలిసింది. అప్పటిదాకా ఆవిడ, నొప్పి పుడితే నొప్పి ఉన్నట్టేనని అమాయకంగా నమ్ముతూ వచ్చింది.

ఇరవై రెండేళ్లు బోర్డు మీద రాసీ రాసీ ఆవిడ కుడి భుజం వెనక కండరం ముడిపడిపోయింది. చెయ్యి పైకి లేవడం రోజురోజుకీ తగ్గింది. ఒకప్పుడు బోర్డు పై అంచున మొదలయ్యే సమీకరణాలు మెల్లగా మధ్యకి దిగాయి, అక్కణ్ణించి అడుక్కి. చివరికి బీజగణితమంతా బోర్డు అడుగున జానెడు మేర సర్దుకుంది. మొదటి బెంచీ పిల్లలు చూసి రెండో బెంచీకి చెప్పేవాళ్లు, వాళ్లు మూడో బెంచీకి. ఆఖరి బెంచీకి చేరేసరికి ఏడు కాస్తా పదిహేడయ్యేది.

విషయం హెడ్మాస్టరు దాకా వెళ్లింది. ఆయన మంచివాడే, ఉత్తర్వు చేతికిస్తూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. నెలాఖరున బోర్డు సామర్థ్య పరీక్ష. పై గీత మీద తేదీ, పాఠం పేరు రాయగలిగితే సరే. లేకపోతే సామగ్రి గదికి బదిలీ. అక్కడ విరిగిన కుర్చీలు లెక్కపెట్టాలి. (లెక్కల టీచరు కాబట్టి ఈ పనికి ఎంతో తగినవారని ఉత్తర్వులో మెచ్చుకోలు కూడా ఉంది.)

ఆ సాయంత్రమే ఆవిడ ఫిజియోథెరపిస్టు దగ్గరికి పరిగెత్తింది. ఆ అమ్మాయి వేలితో భుజం వెనక ఒకచోట నొక్కగానే టీచరు ప్రాణం గిలగిల్లాడింది.

"ఇదిగో, ముడి ఇక్కడుంది మేడం. డ్రై నీడ్లింగ్ చేద్దాం. సన్నటి సూది నేరుగా ముడిలోకి దింపుతాను. మందేమీ ఉండదు. కండ ఒక్కసారి ఎగిరి వదులవుతుంది. రెండు మూడు సార్లు రండి, ఇంట్లో వ్యాయామం మాత్రం ఎగ్గొట్టకండి."

టీచరు అప్పుడే బల్ల మీద పడుకునేదే. కానీ నిబంధన నలభై ఒకటి గుర్తొచ్చింది. ఉద్యోగుల ఆరోగ్య విభాగం అనుమతి లేకుండా బాగైన అవయవం, సామర్థ్య పరీక్షల్లో చెల్లదు.

అనుమతికి ఒక యాప్ ఉంది. పేరు ఓదార్పు. మీ నొప్పి పదికి ఎంత అని అడిగింది. టీచరు జీవితంలో దొంగ లెక్క వేసి ఎరగదు. ఆలోచించి ఆరు అని నొక్కింది. ఎనిమిది లోపు నొప్పులకు వేడినీళ్ల సంచి వీడియో మాత్రమే ఇవ్వబడును అంది యాప్. వీడియో చూసి, మనసు రాయి చేసుకుని తొమ్మిది నొక్కింది. ఇంత నొప్పిలో ఫోను వాడటం సాధ్యం కాదు, కనుక మీరు దరఖాస్తుదారు కారు అంది.

"ఇటివ్వు, నేను నొక్కుతా," అన్నాడు భర్త.

రోగికి మీరేమవుతారు అని అడిగింది యాప్. భర్తనని నొక్కాడు. రుజువు అడిగింది. పెళ్లి ఫోటో పెడితే, ఫోటోలో వధువు కుడి చెయ్యి మామూలుగానే ఉన్నదని గమనించి తిప్పి పంపింది.

దాంతో ఆవిడ స్వయంగా ఆఫీసుకు వెళ్లింది. అక్కడ అనుమతుల అధికారి మెడ ఎడమవైపుకు పట్టేసి ఉంది. ఎదురుగా నిలబడినవాళ్లు ఆయనకు కనబడరు. అందుకని క్యూ మొత్తాన్ని గోడవారగా ఎడమపక్కకు మళ్లించారు. (ఆ మేరకు నేల మీద పసుపు గీత కూడా గీశారు.)

"సూదిలో ఏం మందమ్మా?"

"మందు ఉండదండీ."

"అయిపోయిందా?"

"అసలు మందే ఉండదండీ. వట్టి సూది."

"వట్టి సూది కుట్టుపని కిందకి వస్తుంది. రెండో అంతస్తు."

రెండో అంతస్తులో దారం రంగు అడిగారు. దారం లేదంటే, దారం లేని సూది కుట్టుపని కాదు, వైద్యమే అని రాసి కిందకి పంపారు. టీచరుకు ప్రాణం లేచి వచ్చింది. ఆ కాగితం పట్టుకుని మళ్లీ పసుపు గీత మీద నిలబడింది.

అధికారి ఫారం పరీక్షించాడు. "మందు పేరు దగ్గర 'లేదు' అని రాశారు."

"అవునండీ. లేదు కదా."

"'లేదు' అనే మందు మా జాబితాలో లేదమ్మా. అది సురక్షితమో కాదో తేల్చడానికి కమిటీ వెయ్యాలి."

ఐదుగురితో కమిటీ వేశారు. 'లేదు' దుష్ఫలితాల మీద అభిప్రాయాలు కోరుతూ ప్రకటన ఇచ్చారు. పరీక్షకు ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. టీచరు ఎడమ చేత్తో జడ వేసుకోవడానికి కుస్తీ పడుతుంటే, చూడ్డానికొచ్చిన ఆడపడుచు దువ్వెన లాక్కుంది.

"వాళ్లు తేల్చేలోపు నీ చెయ్యి రిటైరైపోతుంది వదినా. లే, పద."

"నిబంధన నలభై ఒకటి..."

"నీ భుజం మీద రాసుందా, ఎవరు బాగు చేశారో?"

ఈ తర్కంలో టీచరుకు తప్పు దొరకలేదు. క్లినిక్‌లో బోర్లా పడుకుంది. సూది దిగినట్టే తెలియలేదు. ముడికి తగలగానే మాత్రం కండ గాలానికి పడ్డ చేపలా ఎగిరిపడింది.

"అమ్మో!"

"అదే కావాలి మేడం," అంది ఫిజియో సంబరంగా, ఇంకోటి దింపుతూ.

నాలుగు సూదులతో కదలకుండా ఉండగా, పక్క తెర వెనక నుంచి ఒక మగ గొంతు వణికింది. "ఈ మూడో సూదికి నొప్పి పుడుతుందేమో ముందే చెప్పమ్మా. నేను అసలే భయస్తుణ్ణి."

ఆ గొంతు టీచరు ఎక్కడైనా గుర్తుపడుతుంది.

"సార్, మీ సూదిలో ఏం మందండీ?"

తెర వెనక బల్ల కిర్రుమంది. మెడలో సూదులున్న మనిషి పారిపోలేడు.

"ఎవరది?"

"'లేదు' కమిటీ ఫైలు తాలూకు మనిషినండీ."

"మీది భుజం కదమ్మా," అన్నాడు అధికారి తేరుకుని. "నాది మెడ. అది వేరే సెక్షన్."

"మరి అనుమతి తీసుకున్నారా సార్?"

"ఇంత నొప్పితో ఆ ఫారాలన్నీ ఎవరు నింపుతారమ్మా?" అన్నాడాయన. ఆ మాటలో నిజమైన బాధ ఉంది. టీచరుకు నవ్వు ఆగలేదు.

"నవ్వకండి మేడం, సూదులున్నాయి!" అంది ఫిజియో.

రెండ్రోజులు భుజం పుండులా సలిపింది. మూడో రోజు చెయ్యి చెవి దాకా లేచింది. మరోసారి సూదులు, పూటపూటా గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం. పరీక్ష నాటికి కొక్కేనికి తగిలించిన సంచి సొంతంగా దించుకుంది.

పరీక్షకు విభాగం తరఫున వచ్చింది ఆ అధికారే. మెడ ఇప్పుడు రెండు వైపులా తిరుగుతోంది. ఆయన ముందు కిటికీని చూశాడు, తర్వాత తలుపును చూశాడు, టీచరును మాత్రం చూడలేదు. ఆవిడ సుద్దముక్క తీసుకుని పై గీత మీద తేదీ రాసింది. పాఠం పేరు రాసింది. అలవాటు తప్పిన ఎత్తు కదా, కళ్లు చెమర్చాయి. ఆఖరి బెంచీ పిల్లలు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. 'చెయ్యి దానంతటదే బాగైనది' అని అధికారి రిజిస్టరులో రాసి, తల వంచుకుని వెళ్లిపోయాడు. తల చక్కగా వంగింది.

ఆ మరుసటి వారం విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. భర్త పైకి చదివాడు:

"'లేదు' అను మందు సురక్షితమని కమిటీ తేల్చినందున మీ దరఖాస్తు ఆమోదించబడినది. మొదటి సూది పద్నాలుగు నెలల తరువాత వేయబడును. అంతవరకు మీ నొప్పిని ఎటువంటి మార్పులూ లేకుండా భద్రపరచుకొనవలెను."