ఎడమకాలి అలవాటు

గేర్ల బండి లేనందువల్ల అదే అద్దెకి పెద్ద ఆటోమేటిక్ కారు ఇస్తున్నారని భర్త వచ్చి చెప్పగానే కొత్త పెళ్లికూతురు గంతేసినంత పని చేసింది. పరాయి దేశంలో వాళ్ల విహారానికి అదే ఆఖరి రోజు. పన్నెండు గంటలకి రేవు నుంచి దీవికి పడవ, దారిలో డాల్ఫిన్లు. ఆ సరదాని ఆమె చివరి ముద్దలా దాచుకుంది.

"గేర్లతో కుస్తీ పట్టినవాడికి ఇదెంత? ఎడమకాలికి ఇవాళ సెలవు," అన్నాడు పళ్ల డాక్టరైన ఆ భర్త.

కాలు సెలవు పుచ్చుకోలేదు. మొదటి మలుపులోనే, ఈ బండిలో లేని క్లచ్ అనుకుని వెడల్పాటి బ్రేకుని బలంగా తొక్కింది. ఇద్దరూ ముందుకి తూలారు. మలుపు లైటు వేయబోతే, ఇక్కడి మీటలు అటుదిటు కాబట్టి, మండుటెండలో వైపర్లు ఆడాయి. మన దగ్గరైతే హారన్లతో చెవులు చిల్లులు పడేవి. ఇక్కడ ఒక్కరూ మోగించలేదు, బారులు తీరి ఓపిగ్గా చూశారు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

ఇంకో రెండుసార్లు తూలాక ఆమెకొక ఉపాయం తట్టింది. అతని ఎడమకాలిని చున్నీతో సీటు కింది కమ్మీకి బిగించి కట్టింది. బండి వెన్నలా సాగింది. ఆమె కూనిరాగం కూడా అందుకుంది.

కూడలిలో బండ్లు తనిఖీ చేస్తున్న పోలీసు ఆపి దిగమన్నాడు. డాక్టరు దిగలేకపోయాడు. లోపలికి తొంగిచూసిన పోలీసు ముఖం మారిపోయింది. ఆమెని దూరంగా నిలబెట్టి, ఎవరు కట్టారని అతణ్ణి మెల్లగా అడిగాడు.

"మా ఆవిడే సార్. నా మంచికే కట్టింది."

ఇలాంటి భర్తలందరూ అదే చెబుతారని జాలిపడి, ఇద్దర్నీ కారుతో సహా స్టేషనుకి తరలించాడు. వేరే గదిలో ఆమెని, ఇంట్లో కూడా కడుతుంటావా అని అడిగారు. కిటికీలోంచి రేవు కనిపిస్తూనే ఉంది. తన తెలివికి తనే చెంపలేసుకుంది.

చివరికి, ఇద్దరూ ఎడమకాలి అలవాటు గురించి ఒకే మాట చెప్పేసరికి, అదేదో కట్టు లేకుండా నడిపి చూపించమని పోలీసు డాక్టరు పక్కన ఎక్కాడు. ఆవరణలో ఒకే ఒక్క మలుపు. పోలీసు టోపీ ఎగిరి ముందు అద్దానికి కొట్టుకుంది. అతను మెడ పట్టుకుని దిగి, తనని క్షమించమని ఆమెని వేడుకుని, తాళాలు మాత్రం జేబులో వేసుకున్నాడు. అప్పటికి పడవ నీటిమీద చుక్కంతయింది.

భార్యాభర్తలు గట్టుమీద కూర్చుని దాన్నే చూశారు. "నా కాలు నీ సరదా తొక్కేసింది," అన్నాడతను తల దించుకుని.

ఆమె నలిగిన చున్నీని మోకాలిమీద పరిచి సాపు చేసింది.

"రేపు ఎయిర్‌పోర్టుకి బస్సులోనే వెళ్దామండీ," అంది. "మీరు వెనక సీట్లో కూర్చోండి. అక్కడ తొక్కడానికేమీ ఉండదు."