గంజి తాగిన మేజోళ్ళు

రాయలసీమకు కావలసింది వానలు కాదు, మేజోళ్ళు! నవ్వేవాళ్ళు నవ్వండి. కాళ్ళకు ఉన్ని తొడుక్కోకుండా వైశాఖం ఎండలో తిరగబట్టే కదా మన కర్నూలు, కడప జిల్లాలు ఇట్లా తగలడ్డాయి? మేజోళ్ళుంటే పల్లేరుగాయ గుచ్చుకోదు. తేలు కుట్టాలన్నా ముందు మన కుట్టు విప్పుకోవాలి. మహానంది కోనేట్లో మేజోళ్ళతో మునిగినవాడికి, తెచ్చుకున్న పుణ్యం అరికాళ్ళలోంచి కారిపోదు!

ఈ సత్యాన్ని మొదట కనిపెట్టింది ఒక తాలూకా స్త్రీల క్లబ్బు ప్రెసిడెంటమ్మ. మన సిపాయిలు ఇంగ్లీషువాళ్ళ తరఫున ట్యునీషియాలో జర్మనీవాళ్ళతో పోరాడుతున్నారని ఆ మహాతల్లి రేడియోలో విన్నది. మద్రాసు నుంచి తెప్పించుకున్న అల్లికల పుస్తకంలో ‘ట్యునీషియన్ క్రోషే’ అనే పేరు కనబడింది. ఇంకేం కావాలి? ఆ దేశంలో యుద్ధం చేసేవాడికి ఆ దేశపు అల్లికతోనే మేజోళ్ళు! ఇంత తర్కం కాశీలో చదివినా రాదు.

ప్రయోగం ఆమే స్వహస్తాలతో మొదలుపెట్టింది. మూరెడు పొడుగు సూది, దాని కొనకు కొక్కెం. పోయేటప్పుడు ఉచ్చులన్నీ సూది మీదికి ఎక్కించాలి, వచ్చేటప్పుడు ఒక్కొక్కటే దించాలి. మొదటి మేజోడు పొగాకు చుట్టలాగా చుట్టుకుపోయింది. రెండోదానికి మడమ కుదరలేదు. మూడోదానికి మడమ రెండుచోట్ల వచ్చింది. గొప్పవాళ్ళకు మాత్రం విసుగు రాదా? వచ్చింది. విసుగొచ్చిన పనిని పేదవాళ్ళకు అప్పజెప్పడమే గొప్పతనం. అందుకని ఉన్ని ఉండలు, సూదులు నేసేవాళ్ళ వీధికి వెళ్ళాయి.

ఆ వీధిలో గంగాదేవి ఇంట్లో మగ్గం నిలిచిపోయి చాలా కాలమయింది. నూలు దొరకదు. యుద్ధానికి పోయిందన్నారు. మగ్గం గుంతలో కోడి గుడ్లు పెడుతోంది. మొగుడు తిమ్మయ్య, మరిది రోడ్డు కంకర కొట్టడానికి పోతున్నారు. మేజోళ్ళు బాగా అల్లినవాళ్ళకు నూలు పర్మిట్లు రాసే ఆఫీసరైన తన భర్తతో చెప్పి నూలు ఇప్పిస్తానని ప్రెసిడెంటమ్మ మాట పంపింది. గంగాదేవికి ప్రాణం లేచొచ్చింది. మగ్గం మళ్ళీ ఆడుతుంది! తోడికోడలు సుబ్బక్కను పక్కన కూర్చోబెట్టుకుని సూది పట్టింది.

“ఇదేం కొత్త పనే సుబ్బీ? పోయేటప్పుడు పడుగు, వచ్చేటప్పుడు పేక. సూది మింద మగ్గమే ఇది!”

మగ్గమైతే మరి గంజి వద్దా? గంజి పెట్టని పోగును నేతగాళ్ళ ఇంట్లో ముట్టరు. పోగు తెగుతుంది, పరువు పోతుంది. కాబట్టి ఆ పూట ఇంటిల్లిపాదీ తాగవలసిన కొర్రగంజిని ఉన్ని తాగింది. ఇంట్లో అందరూ మంచినీళ్ళు తాగి పడుకున్నారు.

మడమ సంగతి దేవుడెరుగు, మేజోళ్ళు మాత్రం తయారయ్యాయి. అరుగు మీద పెడితే వాటంతట అవే నిలబడ్డాయి! సిపాయి పడిపోయినా అవి శత్రువుకు ఎదురుగా నిలబడే ఉంటాయి. యుద్ధానికి ఇంతకంటే ఏం కావాలి?

ప్రెసిడెంటమ్మకు ఈ యుద్ధనీతి బోధపడలేదు. పరివారంతో వీధికి వచ్చి, ఒక మేజోడు తీసుకుని గోడకేసి తట్టింది. టకటకమంది.

“ఏమిటే ఇది? మేజోడా, గింజలు కొలిచే మానికా? ఉన్నికి గంజి పెడతారా ఎవరైనా?”

“పెట్టకుంటే పోగు నిలబడదు కదమ్మా. మేము తాగేది దానికే పోసినాము. తప్పయితే ఉడుకునీళ్ళలో ఏసి కడిగిస్తాము. నూలు మాత్రం ఇప్పించమ్మా. మగ్గం పండుకోనుండాది.”

“ఇంత ఉన్ని పాడుచేసిన చేతులకు నూలా? నీతో కలిసి అల్లిన ఆ రెండో ఆవిడేదీ? పిలువు. ఇద్దరికీ కలిపి చెప్పాలి.”

గంగాదేవి తల వంచుకుంది. “ఆయమ్మ రాల్యాదు తల్లీ. ఇంట్లో మా ఇద్దరికీ ఈ చీర ఒక్కటే. గోనెపట్ట చుట్టుకోని లోపలుండాది. నేను పోయి ఇది ఇడిసిస్తేనే ఆయమ్మ బయటికొచ్చేది.”

ఊరికంతా చీరలు నేసిన ఇంట్లో ఒకే చీర! ఎవరో ఒకరు సిగ్గుపడవలసిన మాటే. గంగాదేవి సిగ్గుపడింది. ఇంకెవరికీ ఆ శ్రమ కలగలేదు.

ప్రెసిడెంటమ్మ గుండె మాత్రం కరిగింది. “అయ్యో పాపం” అని, ఆ మేజోళ్ళు రెండూ తిరిగి గంగాదేవి చేతిలోనే పెట్టింది. “ఇవి ఆవిడకిచ్చెయ్యి, నా కానుకగా.” నూలు మాట మళ్ళీ ఎత్తకుండా జట్కా ఎక్కింది.

తలుపు సందులోంచి సుబ్బక్క అడిగింది. “నూలిచ్చిందా అక్కా?”

“మేజోళ్ళిచ్చింది.”

“వాటినేసుకోని యాడికి పోవల్ల?”

అయ్యలారా, ఉన్ని మేజోళ్ళ మన్నికను ఇంకా శంకిస్తారా? గడప దాటి కాలు బయటపెట్టలేని మనిషికి తొడిగి చూడండి. యుద్ధమే ముగిసిపోయింది గానీ, సుబ్బక్క మేజోళ్ళ అడుగు ఇంతవరకూ ఇసుమంతైనా అరగలేదు!