చరణానికో చీరల అంగడి

పాట మధ్యలో అడ్డంగా వచ్చి కూర్చునే ప్రకటన మనిషికి మేలే చేస్తుంది! తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి. ఓర్పు నేర్పే బడి ఇంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతుంది?

ఈ మాట అన్నవాడు దారిన పోయే మనిషి కాదండీ. 'కమలాపురం కీర్తనలు' అనే వెబ్‌సైటుకు వ్యవస్థాపకుడు, ప్రధాన సంపాదకుడు, ఊడ్చి తుడిచేవాడు అన్నీ తానే అయిన దావీదురాజు.

ఈ పదవులన్నీ అతను తనకు తానే ఇచ్చుకున్నాడు. జీతమొచ్చే ఉద్యోగం వేరే. ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర, లారీలను తూకం వేసే కాటాలో. లారీకీ లారీకీ మధ్య దొరికే ఖాళీలో పాటలు టైపు చేసేవాడు. ఏ పాటలనుకున్నారు? పుస్తకాలకెక్కని పాటలు! చుట్టుపక్కల పల్లెల్లో కలుపు తీస్తూ, వేరుశనగ పీకుతూ, ముసలివాళ్లు సొంతంగా కట్టుకుని దేవుడికి పాడుకున్న కీర్తనలు. సెలవు దొరికితే మోటారు సైకిలు మీద పోయి, వాళ్ల అరుగుల మీద కూర్చుని పాడించుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో సైటులో పెట్టేవాడు.

అందరికంటే ఎక్కువ పాటలిచ్చింది ఏసోబు తాత. ఆయన గొంతెత్తితే పక్క చేలో కొడవళ్లు ఆగిపోయేవి. ఆయన భార్య జ్ఞానమణవ్వ మాత్రం, "ఈయప్ప పాడతానే ఉంటాడు, నేను కట్టెలు కొడతానే ఉంటా" అనేది.

సైటుకు వచ్చేవాళ్లు చాలామంది తెలిసిన ముఖాలే. పుస్తకంలో అక్షరాలు కళ్లకు ఆనని ఆడవాళ్లు ఆదివారం చర్చిలో ఫోను తెరిచి, కళ్లజోడు లేకుండా పాడేవాళ్లు. పక్క ఊరి చుట్టాలకు "మా దావీదు సైటు" అని చూపించుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా, తాను కాటా మీద నిలబడితే టన్నుల్లో తూగుతానేమోనని దావీదురాజుకు అనుమానం వచ్చేది.

ఇంట్లో అంత బరువు లేదు. సైటుకు ఏటా అద్దె కట్టాలి కదా! "ఏమయ్యా, నీ సైటు మనింట్లో ఇంకొక మనిషి మాదిరి తింటాంది. ఆ మనిషి ఒక బిందె నీళ్లన్నా తెచ్చిపెట్టడు" అంది భార్య మహిమ.

అప్పుడు తగిలాడు భూపేష్. కడపలో డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసు పెట్టిన కుర్రాడు. "అన్నా, ఇంతమంది వస్తాంటే నువ్వు ఉత్తగా పాటలు పంచిపెడతాండావు. శానా తప్పు చేస్తాండావు" అన్నాడు.

తప్పు అనేసరికి దావీదురాజు భయపడిపోయాడు. ఎంతైనా సండే స్కూల్లో పెరిగినవాడు!

మొదట పేజీ అడుగున ఒక తలనూనె ప్రకటన వచ్చింది. ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ ఆదాయంతో ఇంటికి మిరపకాయ బజ్జీలు వచ్చాయి. మహిమ వాటిని కాస్త గౌరవంగానే తిన్నది. ఒక మనిషి కీర్తనలు టైపు చేసి బజ్జీలు సంపాదించగలడని తెలిశాక ఇక ఆగగలడా? మీరైతే ఆగుతారా?

భూపేష్ ఈసారి కడపలోని ఒక చీరల అంగడి ప్రకటన పట్టుకొచ్చాడు. కదిలే బొమ్మ, దాంతో పాటు మాట. ఖర్చు కలిసొస్తుందని అంగడాయన భార్యే మాట్లాడింది. "రాండక్కా, రాండి! ఆలసించిన ఆశాభంగం! ఒక చీర తీసుకుంటే ఇంకొకటి ఉత్తగనే ఇస్తాం!"

"ఇంగ పాటను ముక్కలు చెయ్యన్నా. చరణానికో పేజీ, పేజీకో ప్రకటన" అన్నాడు భూపేష్.

దావీదురాజు ఆలోచించాడు. చరణానికీ చరణానికీ మధ్య భక్తులు ఊపిరి పీల్చుకోవద్దా? ఆ ఖాళీలో రెండు చీరలు చూస్తే నష్టమేమిటి? లోకం ఎంత ఆకర్షించినా చలించకుండా తర్వాతి చరణానికి చేరుకోవడం కంటే గొప్ప పరీక్ష ఉందా? ఇలా తనను తాను ఒప్పించుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. వాదించేదీ తానే, ఒప్పుకునేదీ తానే!

ఆదివారం ఆరాధన అయ్యాక జ్ఞానమణవ్వ చర్చి గేటు దగ్గర పట్టుకుంది.

"ఏం అబ్బీ దావీదూ, పల్లవి పాడినాం, చరణం యాడ ఉండాది? ఈడ చూస్తే ఎవురో ఆయమ్మ చీర పట్టుకోని నిలబడుకోని ఉండాది."

"మూలన ఇంటూ గుర్తు ఉంటాది గదవ్వా, దాన్ని ఒత్తల్ల."

"ఒత్తినా. అంగడికి దోవ చూపిచ్చింది."

ఆ గుర్తు ఆవగింజంత ఉంటుందని, అవ్వ వేలు కట్టెలు కొట్టి మొద్దుబారిన వేలని దావీదురాజుకు తెలుసు. అయినా సైటు మానేస్తానని ఆమె అనలేదు. "నీది గాబట్టి చూస్తాండాం లే" అని వెళ్లిపోయింది.

ఇటు సైటులో అంకెలు పొంగుతున్నాయి. "చూస్తివా అన్నా, ఒక్కొక్కరు నాలుగైదు మాట్లు వస్తాండారు! నీ సైటంటే ప్రాణం!" అన్నాడు భూపేష్. పాట తప్పిపోయి మళ్లీ మొదటినుంచి వెతుక్కుంటున్నవాళ్లు వాళ్లు. దావీదురాజుకు ఆ అనుమానం రాకపోలేదు. కానీ పెరిగే అంకెను నిలబెట్టి, ఎందుకు పెరిగావని అడిగే మనిషి ఎవడండీ?

ఎండలు ముదిరిన రోజుల్లో ఏసోబు తాత పోయాడు.

సమాధుల తోటలో ఊరంతా నిలబడింది. పెట్టెను గుంతలోకి దించాక పాస్టరుగారు, "ఏసోబన్న సొంతంగా కట్టిన పాటతోనే ఆయన్ను సాగనంపుదాం" అన్నారు. ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు. దావీదురాజు సైటులో ఒక్కచోటే ఉంది. అందరూ ఫోన్లు తీశారు. తాను చేసినదానికి ఇంతకంటే సార్థకత ఏముంటుందనుకున్నాడు దావీదురాజు.

పల్లవి బాగా సాగింది. తర్వాత అందరి వేళ్లూ రెండో పేజీ మీద పడ్డాయి.

"రాండక్కా, రాండి!" అంది ఒక ఫోను. "ఆలసించిన ఆశాభంగం!" అంది ఇంకొకటి. అవతల గట్టు మీద మగవాళ్ల ఫోన్లు ఆలస్యంగా అందుకున్నాయి. "ఒక చీర తీసుకుంటే ఇంకొకటి ఉత్తగనే ఇస్తాం!" ఒకటి ఆపితే ఒకటి మొదలవుతోంది. పాస్టరుగారు తన ఫోనును చొక్కా కింద దాచి గట్టిగా అదుముకున్నారు. అది ఆయన గుండెల్లోంచే చీరలకు పిలిచింది.

దావీదురాజు గుంతలోకి చూశాడు. ఇంకొకరికి చోటు లేదు.

అప్పుడు జ్ఞానమణవ్వ పాడింది. బొంగురు గొంతు, శృతి లేదు. కానీ రెండో చరణం పొల్లుపోకుండా వచ్చింది, తర్వాత మూడోది. కట్టెలు కొడుతున్నానన్న మనిషి ప్రతి మాటా విన్నది! ఆమె ఒక్కో వరుసా అందిస్తుంటే, ఆడవాళ్లు ఫోన్లు కొంగున ముడేసుకుని అందుకున్నారు. ఆ పాట అంత బాగా పాడగా దావీదురాజు ఎన్నడూ వినలేదు.

అంతా అయ్యాక అతను ఆమె ముందు తలవంచుకుని నిలబడ్డాడు. "నన్ను తిట్టవ్వా" అన్నాడు.

"యాల తిట్టేది?" అంటూ అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "బతికినన్నాళ్లు ఆయప్ప నాకు మనసుకు నచ్చిన చీర ఒగటి కొనియ్యల్యా. పోతా పోతా అంగడినే ఈడికి పిలిపిచ్చినాడు."

తిట్టి ఉంటే బాగుండేది. మరుసటి రోజు కాటాలో కూర్చుని దావీదురాజు ప్రకటనలన్నీ పీకేశాడు. ముక్కలైన పాటలను మళ్లీ ఒకే పేజీలో అతికించాడు. "అన్నా, ఇప్పుడే గదా ఊపందుకునింది!" అని భూపేష్ మొత్తుకున్నా వినలేదు.

ఆదివారం చర్చి బయట ఆడవాళ్లను ఆపి మరీ చెప్పాడు. "అక్కా, ఇంగ ప్రకటనలు లేవు. హాయిగా చూసుకోండి."

"మాకు ఫోనెందుకులే దావీదూ" అన్నారు వాళ్లు. "సాయంత్రం పూట జ్ఞానమణక్క ఇంటికాడ కూచ్చోని నోటికి నేర్చుకుంటాండాం. నీ చీరలామె పుణ్యమా అని మాకు చరణాలన్నీ వస్తాండాయి!"

పాటలు చచ్చిపోకూడదని కదా అతను సైటు పెట్టింది? పాటలు బతికాయి. సైటే మంచాన పడింది. సంతోషించాలని అతనికి తెలుసు. సంతోషిస్తూనే రోజుకు పదిసార్లు సైటు తెరిచి ఎవరైనా వచ్చారా అని చూసేవాడు. ఆ వచ్చింది తానేనని అంకెలు చెప్పేవి.

కానీ ఒక్కరు మాత్రం మానలేదండీ! ఎక్కడో కువైట్ నుంచి రోజూ ఎవరో వచ్చి పోతున్నారు. దావీదురాజు ప్రాణం లేచొచ్చింది. ఎడారి దేశంలో కమలాపురం కీర్తన! ఒక్క నమ్మకమైన అభిమాని చాలడా? ఒకరోజు ఆ అభిమాని వాయిస్ మెసేజి రానే వచ్చింది. మహిమను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, స్పీకరు పెట్టాడు.

"దావీదన్నా, మాది రాజంపేట. ప్రసన్నకుమారి నా పేరు. ఈడ ఇంటిపని చేస్తాండా. మీ సైటు దినామూ తెరుస్తాండా. పాటలు మా అమ్మ దగ్గిర నేర్చినవే, నాకు నోటికొచ్చు. రాండక్కా అని పిలిచే ఆయమ్మ కోసరం తెరుస్తాండానన్నా. నన్ను ఈడ ఎవురూ అక్కా అని పిలిచేది ల్యా. ఆయమ్మ కనపడక శానా దినాలాయ. బాగుండాదా?"

మహిమ నవ్వాపుకోలేక మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అదే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ప్రధాన సంపాదకుడు ఫోను తీసి భూపేష్‌కు చేశాడు.

"ఏమప్పా, ఆ చీరలామె ప్రకటన మళ్లా పెట్టల్ల."

"పాటలుండే చోట వద్దంటివి గదన్నా?"

"పెట్టప్పా నువ్వు. పాటలు అడ్డమొస్తే చెప్పు, వాటినే పక్కకు జరుపుతా!"