మెట్ల మీద సోకిన యాస

మశూచి పోయింది, పోలియో పోతోంది, ఇక మానవజాతికి మిగిలిన ప్రమాదం యాస ఒక్కటేనని 2010లో దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కాలనీ సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. (హాజరైనవారు ఇద్దరు.)

అధ్యక్షుడు బాలమల్లు ఇక్కడివాడే. ఇంటి యజమాని, కింద వాటాలో ఉంటాడు. కార్యదర్శి సాంబమూర్తి భీమవరం నుంచి వచ్చి పై వాటాలో కిరాయికి ఉంటున్నాడు. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. బంద్ మీద బంద్ వచ్చి బడులు మూతపడ్డాయి. సాంబమూర్తి కూతురు సింధూర, బాలమల్లు మనవరాలు భానుప్రియ, ఇద్దరూ ఏడేళ్లవాళ్లు, పొద్దస్తమానం మెట్ల మీదే ఆడుకునేవారు. వ్యాధి అక్కడ పుట్టింది.

ఒకరోజు భోజనాల దగ్గర సింధూర, "అమ్మా, జర పప్పెయ్యి, గింతనేనా?" అంది. తల్లి బిందుమాధవి హడలిపోయి పిల్లని ఎల్బీ నగర్‌లో డాక్టరుకు చూపించింది. ఆయన నాలుక చూసి, ఎర్రగా ఉంది, ఐస్‌ఫ్రూట్ మాన్పించమన్నాడు. అదే సాయంత్రం కింద వాటాలో భానుప్రియ తన నానమ్మ భూలక్ష్మిని "ఏంటండీ" అంది. భూలక్ష్మి దిష్టి తీసింది. (రెండు వైద్యాలూ సమానంగా పనిచేశాయి.)

సంఘం రంగంలోకి దిగి, మెట్ల మధ్య సుద్దగీత గీసింది. 'గ'తో మొదలయ్యేవేవీ పైకి ఎక్కరాదు, 'అండీ'తో ముగిసేవేవీ కిందికి దిగరాదు. (పై వాటా గ్యాస్ బండ రెండు రోజులు కిందే ఆగిపోయింది.) పిల్లలిద్దరూ ఇరవై ఒక్క రోజులు మాట్లాడుకోరాదు. విధి నిర్వహణలో ఉన్న అధికారులకు ఈ నిబంధనలు వర్తించవు.

"మేము కటీఫ్ కాలే గద నాన్నా, మాట్లాడొద్దంటే ఎట్ల?" అని సింధూర అడిగింది. పక్కింటి అరుగు మీంచి వింటున్న నాకు ముచ్చటేసింది. సంఘం మాత్రం 'గద', 'ఎట్ల' అనే రెండు లక్షణాలను రిజిస్టరులో రాసుకుంది. ప్రశ్నకు గడి లేనందున వదిలేసింది.

అధికారులిద్దరూ గీతకు చెరోవైపు కుర్చీ వేసుకుని రోజూ కాపలా కాశారు. ఊరికే కూర్చోలేక ఉద్యమం గురించి వాదించుకున్నారు, తర్వాత వంకాయ గురించి, తర్వాత బావమరుదుల గురించి. మూడోవారానికి వాళ్ల నవ్వులు వీధి చివరిదాకా వినిపించాయి.

"గట్లెట్ల కుదుర్తది మల్లన్నా?" అనేవాడు భీమవరం సాంబమూర్తి.

"అలా అంటే ఎలాగండీ మూర్తిగారూ, టీ చల్లారిపోతుంది," అనేవాడు బాలమల్లు.

(విధి నిర్వహణలో ఉన్నందున ఇవి లక్షణాల కిందికి రావు.)

ఇరవై రెండోరోజు గీత చెరిపి, పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి, ఇక మాట్లాడుకోమన్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత తలలు దించుకున్నారు. బాలమల్లు బతిమాలాడు, సాంబమూర్తి చాక్లెట్ చూపించాడు. కాసేపటికి సింధూర పైకి వెళ్లిపోయింది, భానుప్రియ లోపలికి వెళ్లిపోయింది. ఎవరి నోటా మాట రాలేదు.

'గ' లేదు, 'అండీ' లేదు. ఇద్దరికీ పూర్తిగా నయమైనట్టు సంఘం నమోదు చేసింది.